నాన్నతో గోల్ఫ్: లీడ్స్ కాజిల్‌లో తొమ్మిది హోల్సా, శాండ్‌విచ్చా?

క్రాయిడన్_కుర్రాడు అడిగారు:

అందరికీ నమస్కారం. మే చివర్లో అమ్మా నాన్నా వైజాగ్ నుంచి మా ఇంటికి వస్తున్నారు. నాన్నకి గోల్ఫ్ పిచ్చి. పోర్టులో ఉద్యోగం చేసే రోజుల్లో సీనియర్ ఒకాయన అలవాటు చేశారట, ఇప్పటికీ వారానికి రెండు మూడు పొద్దులు ఈస్ట్ పాయింట్ క్లబ్బులోనే గడుపుతారు. వయసు 67. మోకాళ్ళు అంత బాగా లేవు, అయినా ఒప్పుకోరు. ఎడమచేతి వాటం.

2021లో కెంట్‌లోని శాండ్‌విచ్ అనే ఊళ్ళో జరిగిన ఓపెన్ గోల్ఫ్ టోర్నమెంట్‌ని టీవీలో చూసినప్పటి నుంచి "ఒక్కసారి శాండ్‌విచ్‌లో ఆడాలిరా" అంటున్నారు. నాకు గోల్ఫ్ ఓనమాలు రావు. ఆఫీసులో ఒక ఇంగ్లీషాయన మాత్రం "అక్కడికెందుకు, కెంట్‌లోనే లీడ్స్ కాజిల్ ఉంది, కోట తోటల్లో తొమ్మిది హోల్స్ కోర్సు, మీ నాన్నకి అదే నచ్చుతుంది" అన్నాడు. నాన్నకి ఫోన్లో చెప్తే "పద్దెనిమిది హోల్స్ ఉండాల్సిన ఆటకి తొమ్మిదేంటి, పిల్లలాటా?" అని కొట్టిపారేశారు.

ఎవరైనా అక్కడ ఆడారా? నిజంగా బాగుంటుందా, లేక కోట పేరు చెప్పి టూరిస్టుల్ని పిలుస్తారా? అమ్మనీ, మా ఆరేళ్ళ పాపనీ ఆ రెండు గంటలూ ఏం చెయ్యాలి? నాన్నతో నేను నడవొచ్చా, ఆడకుండా?

లీడ్స్_స్టూడెంట్:

అన్నా, మా యూనివర్సిటీ పక్కనే అయ్యుంటుంది, రండి, రూమ్‌లో పప్పుచారు పెడతా. మ్యాప్‌లో చూసి చెప్తా ఉండండి.

...చూశా. మా లీడ్స్ యార్క్‌షైర్‌లో ఉంది, ఆ కోట కెంట్‌లో ఉంది. రెండిటికీ మధ్య లండన్ దాటి పోవాలి. పప్పుచారు క్యాన్సిల్.

మెయిడ్‌స్టోన్_తణుకు:

తమ్ముడూ, సూటిగా చెప్పేస్తా. శాండ్‌విచ్‌ని చూపించడానికి తీసుకెళ్ళు. ఆడించడానికి లీడ్స్ కాజిల్‌కి తీసుకెళ్ళు.

శాండ్‌విచ్ అంటే మీ నాన్నగారి మనసులో ఉన్నది రాయల్ సెయింట్ జార్జెస్. గొప్ప చోటే, కాదనను. 1894లో ఓపెన్ మొదటిసారి స్కాట్లాండ్ గడప దాటింది అక్కడికే. 2011లో డారెన్ క్లార్క్, 2021లో కాలిన్ మొరికావా గెలిచింది కూడా అక్కడే. కానీ అది సముద్రపొడ్డున ఇసుక దిబ్బల మీద కోర్సు. నిలబడి నీడ పట్టుకుందామంటే చెట్టుండదు. దిబ్బలెక్కి దిగుతూ పద్దెనిమిది హోల్స్ నడవాలి, పైన ఇంగ్లిష్ ఛానల్ గాలి. బయటివాళ్ళని హ్యాండిక్యాప్ సర్టిఫికెట్, అంటే ఏ స్థాయిలో ఆడతారో చూపించే కాగితం, అడుగుతారు, ఫీజు వింటే మీ నాన్నగారు రూపాయల్లోకి మార్చి మరీ కోప్పడతారు. అన్నిటికీ మించి, వైజాగ్ వాడికి సముద్రపు గాలిలో ఆడటం కొత్తా ఏమిటి? మన దగ్గర దొరకనిదేదో అది చూపించు.

మన దగ్గర దొరకనిది ఈ పార్కు. పార్కు అంటే మన మునిసిపాలిటీ పార్కు కాదు. ఇక్కడి దొరలు కోట కిటికీలోంచి చూస్తే కంటికి ఇంపుగా ఉండాలని తరాల తరబడి పెంచుకున్న నేల. పెద్ద పెద్ద చెట్లు గుంపుగా కాకుండా ఒకటక్కడ, ఒకటిక్కడ. మధ్యలో పచ్చిక, ఆ పచ్చికలో పశువులో, గొర్రెలో, జింకలో. గోల్ఫ్ తర్వాత వచ్చి ఆ చెట్ల మధ్య ఖాళీల్లో సర్దుకుంది. అందుకే ఇలాంటి కోర్సులో ఆటని నడిపించేది చెట్లు. ఇలాంటి పాత పార్కుల్లో ఒకటి గమనించు: చెట్ల కింది కొమ్మలన్నీ తాడు పట్టి కోసినట్టు ఒకే ఎత్తులో ఆగిపోయి ఉంటాయి. పశువు మెడ చాచి అందినంత వరకు మేసేస్తుంది, అంతకు పైదే మిగులుతుంది. గోల్ఫర్‌కి ఆ గీత ముఖ్యం. బంతి చెట్టు కింద పడితే ఆ గీత కిందుగా, నేలబారుగా కొట్టి బయటికి తేవాలి. పైనుంచి లేపి గ్రీన్ మీద, అంటే జెండా ఉండే నున్నటి పచ్చిక మీద, వేద్దామనుకుంటే కొమ్మలు తిరిగి మన కాళ్ళ దగ్గరికే పంపుతాయి.

ఇక లీడ్స్ సంగతి. కోట చెరువు మధ్యలో ఉంటుంది, రెండు దీవుల మీద. లెన్ అని చిన్న ఏరు, దాని నీళ్ళే ఆ చెరువు. 1119లో నార్మన్లు రాతితో కట్టారు. 1278లో మొదటి ఎడ్వర్డ్ భార్య ఎలియనోర్ కొనుక్కుంది, ఆ తర్వాత చాలామంది రాణుల చేతుల్లో ఉంది, ఎనిమిదో హెన్రీ మొదటి భార్య కేథరిన్ కోసం బాగు చేయించాడు. ఇవన్నీ లోపల బోర్డుల మీద ఉంటాయి, నేను చెప్పక్కర్లేదు. గోల్ఫ్‌కి సంబంధించిన మనిషి చాలా తర్వాత వచ్చింది: లేడీ బెయిలీ. అమెరికా డబ్బున్న తల్లికి, ఇంగ్లిష్ తండ్రికి పుట్టింది. 1926లో కోట కొనేసింది. అమెరికా పత్రికాధిపతి హర్స్ట్ కూడా అప్పట్లో దీని మీద కన్నేశాడు. ఆమె పారిస్ నుంచి డిజైనర్లని రప్పించి లోపలంతా మార్చింది, శని ఆదివారాల్లో సినిమావాళ్ళకీ, రాజకీయ నాయకులకీ విందులిచ్చేది. వచ్చిన అతిథులకి కాలక్షేపం కావాలిగా? 1930ల్లో వేయించిన గోల్ఫ్ కోర్సు అదే. తొమ్మిది హోల్స్ అందుకే. మధ్యాహ్నం భోజనానికీ సాయంత్రం పానీయాలకీ మధ్య తొమ్మిది హోల్స్ సరిగ్గా సరిపోతాయి. నాన్నగారు "పిల్లలాట" అంటే ఈ సంగతి చెప్పు.

ఆమె 1974లో పోయింది. కోటని ఒక ఫౌండేషన్‌కి వదిలి వెళ్ళింది, 1976లో జనానికి తెరిచారు. గోల్ఫ్ ఇప్పుడు డబ్బు కట్టి ఎవరైనా ఆడొచ్చు, మెంబర్ కానక్కర్లేదు. టూరిస్టుల కోసం పెట్టిన అలంకారమా అని అడిగావు. ఛాంపియన్‌షిప్ కోర్సు మాత్రం కాదు, ఆ ఆశతో వెళ్ళొద్దు. పొడవుగా కొట్టేవాళ్ళకి విసుగు. కానీ పొడవు తగ్గిపోయి, ఎక్కడ వెయ్యాలో తెలిసిన 67 ఏళ్ళ ఆటగాడికి దీన్ని మించింది కెంట్‌లో నాకు తెలీదు. ఆడుతూ ఆడుతూ తలెత్తితే నీళ్ళ మధ్య కోట. మావాళ్ళలో సగంమంది అక్కడే ఫోటో తీయబోయి వెనకవాళ్ళ చేత తిట్లు తింటారు.

డ్రైవర్‌ని, అంటే దూరం కొట్టే ఆ పొడవాటి క్లబ్బుని, కారు డిక్కీలోనే వదిలెయ్యమను. ఆయన వినరు, ఏ గోల్ఫరూ వినడు, అయినా చెప్పు. మధ్య దూరానికి సెవెన్ ఐరన్, దగ్గర నుంచి లేపడానికి వెడ్జ్, గుంటలోకి దొర్లించడానికి పటర్, ఈ మూడు క్లబ్బులూ చేతికి బాగా అలవాటైతే చాలు.

ఎడమచేతి వాటం అన్నావు కాబట్టి ఒక హెచ్చరిక. అద్దె సెట్లు దాదాపు అన్నిచోట్లా కుడిచేతివే పెడతారు. ముందే ఫోన్ చేసి అడుగు. లేదంటారనే అనుకుని, ఏడెనిమిది క్లబ్బులతో చిన్న బ్యాగు అక్కడి నుంచే తెచ్చుకోమను. బూట్లూ గ్లవ్వూ ఎలాగూ తెచ్చుకుంటారు.

కేడీ ఉండడు. ఇది ఆయనకి ముందే నమ్మకంగా చెప్పాలి. మన క్లబ్బుల్లో బ్యాగు మోయడం, బంతి వెతకడం, "సార్, ఎడమకి కొంచెం" అని లైను చెప్పడం అన్నీ కేడీయే. ఇక్కడ ఎవరి ట్రాలీ వాళ్ళే లాక్కోవాలి. ఆ పని నువ్వు చెయ్యి. ఆడకుండా వెంట నడవొచ్చు, ఫోన్ చేసినప్పుడు ఆ మాట కూడా చెప్తే సరి. ఆయన కొడుతున్నప్పుడు కదలకు, ఎదురుగా నిలబడకు, నీ నీడ బంతి మీద పడనివ్వకు. ఇంతే.

క్రాయిడన్_కుర్రాడు:

అంకుల్, చాలా థాంక్స్. మీ మెసేజ్ మొత్తం నాన్నకి ఫోన్లో చదివి వినిపించాను. లేడీ బెయిలీ దగ్గర మెత్తబడ్డారు. డ్రైవర్ దగ్గర మళ్ళీ గట్టిపడ్డారు.

ఇంకో టెన్షన్. ఆయనకి రూల్స్ విషయంలో పట్టుదల ఎక్కువ. అక్కడ బాతులూ హంసలూ ఉంటాయని మా ఆఫీసాయన చెప్పాడు. "పక్షి బంతి ఎత్తుకుపోతే ఏంటి? పక్షి రెట్ట మీద బంతి పడితే ఏంటి?" అని ఇప్పటి నుంచే అడుగుతున్నారు. నేనేం చెప్పను?

మెయిడ్‌స్టోన్_తణుకు:

హంసలు మామూలువి కాదు, నల్లవి. ఆస్ట్రేలియా జాతి. లేడీ బెయిలీయే తెప్పించింది, ఇప్పుడవి ఆ కోటకి గుర్తు. అవి గోల్ఫ్ జోలికి రావు. అసలు సమస్య బాతులు, ముఖ్యంగా కెనడా బాతులు. నీళ్ళకి దగ్గర పచ్చిక వాటికి ఇష్టం, గోల్ఫ్ కోర్సు పచ్చిక మరీ ఇష్టం. ఎక్కడ పడితే అక్కడ రెట్టలు.

నాన్నగారికి ఇలా చెప్పు. రెట్టని రాయీ రప్పా, ఆకూ అలమూ లాంటిదానిగానే లెక్కేస్తారు, తీసి పక్కన పడెయ్యొచ్చు. అయితే తీసేటప్పుడు బంతి కదిలిందా, గ్రీన్ బయట అయితే ఒక స్ట్రోక్ పెనాల్టీ, అంటే లెక్కలో ఒక దెబ్బ ఎక్కువ, బంతిని తిరిగి దాని చోట పెట్టాలి. గ్రీన్ మీద అయితే పెనాల్టీ లేదు. ఆగి ఉన్న బంతిని పక్షి కదిపినా, ఎత్తుకుపోయినా పెనాల్టీ లేదు, ఉన్న చోట మళ్ళీ పెట్టుకోవాలి. దొరక్కపోతే ఇంకో బంతి పెట్టొచ్చు. కాకపోతే పక్షే తీసుకెళ్ళిందని దాదాపు ఖాయంగా తెలియాలి. "ఏదో పక్షి పట్టుకుపోయి ఉంటుంది" అంటే కుదరదు. మా గుంపులో ఒకాయన పోయిన ప్రతి బంతినీ కాకి ఖాతాలో వేస్తాడు.

కుందేలు బొరియలో పడితే ఉచితంగా బయటికి తీసి వేసుకోవచ్చు. తారు రోడ్డు మీద పడినా అంతే, ఇబ్బంది లేని దగ్గరి చోటు చూసుకుని ఒక క్లబ్బు పొడవులో. చెట్టు వేళ్ళ మధ్య ఇరుక్కుంటే మాత్రం ఎవరూ జాలి చూపరు. ఉన్నచోటి నుంచి కొట్టాలి, లేదా ఒక స్ట్రోక్ వేసుకుని పక్కకి తీసుకోవాలి. ఆయన వయసుకి రెండోదే మంచిది. పాత ఓక్ వేరుకి ఐరన్ తగిలితే దెబ్బ మణికట్టులోకి వస్తుంది.

నీళ్ళలో పడితే ఆ నీళ్ళ హద్దు చూపించే కొయ్యల రంగు చూడమను. ఎరుపైతే ఒక స్ట్రోక్ వేసుకుని, బంతి ఆ హద్దు దాటిన చోటికి రెండు క్లబ్బుల పొడవులో, జెండాకి దగ్గర కాకుండా వెయ్యొచ్చు. పసుపైతే ఆ పక్క సౌకర్యం లేదు, వెనక్కి వెళ్ళాలి.

ఆయన పాతికేళ్ళుగా ఆడుతున్నారంటే ఒకచోట తప్పకుండా వాదన వస్తుంది. 2019లో రూల్స్ మారాయి. బంతిని భుజం ఎత్తు నుంచి కాదు, మోకాలి ఎత్తు నుంచి జారవిడవాలి. వెతకడానికి అయిదు నిమిషాలు కాదు, మూడే. పటింగ్ చేసేటప్పుడు జెండా తియ్యకుండా వదిలెయ్యొచ్చు. మా తరంలో చాలామంది చెయ్యి ఇప్పటికీ అలవాటుగా భుజం దాకా లేస్తుంది. చూసి నవ్వకు.

ఇంకోటి. ఇది ఎస్టేటు. ఇంగ్లండులో పాత కాలిబాటలకి చట్టం రక్షణ ఉంది, పొలం మధ్యలోంచి పోయినా, గోల్ఫ్ కోర్సు పక్కగా పోయినా యజమాని మూసెయ్యలేడు. కోట చూడ్డానికి వచ్చినవాళ్ళూ, కుక్కల్ని తిప్పేవాళ్ళూ ఎదురుపడతారు. వాళ్ళు దాటేదాకా ఆగాలి. బంతి అటు పోతే సిగ్గుపడకుండా "ఫోర్!" అని, అంటే బంతి వస్తోంది జాగ్రత్త అని, అరవాలి. నాన్నగారికి గొంతు ఉండే ఉంటుంది, పోర్టులో పనిచేశారంటున్నావు.

కార్వాన్_వాలా:

ఇంతసేపు చదివాను, ఎవరూ మా గోల్కొండ పేరెత్తలేదు. కోటలో గోల్ఫ్ చూడ్డానికి కెంట్ దాకా ఎందుకు భాయ్? నయా ఖిల్లా లోపల పద్దెనిమిది హోల్స్ ఉన్నాయి. 1656లో ఔరంగజేబు దాడి చేసినప్పుడు ఈశాన్యం పక్క గుట్ట మీద నుంచి కోటకి ముప్పని తేలింది. ఆ గుట్టనీ కలుపుకుని అబ్దుల్లా కుతుబ్ షా కొత్త గోడ కట్టించాడు. అదే నయా ఖిల్లా. ఆ గోడల మధ్య ఇప్పుడు ఫెయిర్‌వేలు, అంటే గోల్ఫ్ ఆడే పచ్చిక బాటలు. ముల్లా ఖయాలీ మసీదూ, హతియాన్ కా ఝాడ్ అనే ఆఫ్రికా బావోబాబ్ చెట్టూ కూడా ఆ గోడల లోపలే. ఆ చెట్టు మొదలు చుట్టూ చేతులు కలపాలంటే ఓ పదిహేనుమంది కావాలి. మా తాతల కాలం నుంచీ పిల్లలం దాని తొర్రలోకి ఎక్కి ఆడుకున్నవాళ్ళమే.

కాకపోతే నాకు ఇందులో సంతోషం సగమే. రక్షిత కట్టడం మధ్యలో గోల్ఫ్ ఏంటని గొడవ అయింది, కోర్టుల దాకా వెళ్ళింది. ఆడేవాళ్ళకి పచ్చదనం. చెట్టు చూద్దామని వెళ్ళే బస్తీవాళ్ళకి గేటు దగ్గర ప్రశ్నలు. అంకుల్ చెప్పిన ఆ కాలిబాట చట్టం మాకుంటే బాగుండేది.

మెయిడ్‌స్టోన్_తణుకు:

కార్వాన్ బాబూ, నువ్వన్నది నిజం, నేనూ హైదరాబాద్ వచ్చినప్పుడు ఆ చెట్టు చూశాను. లీడ్స్‌తో పోల్చలేం. లీడ్స్‌లో గోల్ఫ్ వేసింది ఆ ఇంటావిడ, తన పెరట్లో, తన స్నేహితుల కోసం. జనం తర్వాత వచ్చారు. గోల్కొండలో జనం ముందు నుంచీ ఉన్నారు, గోల్ఫ్ తర్వాత వచ్చింది. నన్నడిగితే ఆ చెట్టుకీ మసీదుకీ వెళ్ళే దారి పొద్దున్నించి సాయంత్రం దాకా తెరిచి ఉంచాలి, ఆడేవాళ్ళు ఆగాలి. ఇక్కడ కుక్కని తిప్పే ముసలావిడ కోసం నేను ఆగుతున్నాను కదా. చేతిలో క్లబ్బు పట్టుకుని రెండు నిమిషాలు నిలబడితే ఎవరికీ నష్టం లేదు.

లిమరిక్_పద్మ:

ఐర్లండులో ఉన్నవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే: మాకు షానన్ ఎయిర్‌పోర్టు దగ్గర డ్రోమోలాండ్ కాజిల్ ఉంది. ఓబ్రయన్ వంశం వాళ్ళ కోట, ఇప్పుడు హోటల్. పద్దెనిమిది హోల్స్, మధ్యలో సరస్సు, పెద్ద పెద్ద చెట్లు. మావారు ఆడతారు, నేను చుట్టూ నడుస్తాను. డబ్లిన్ వైపు వాళ్ళకి మీత్ కౌంటీలో కిల్లీన్ కాజిల్. పేరుమోసిన గోల్ఫర్ జాక్ నిక్లాస్ డిజైన్, 2011లో యూరప్, అమెరికా ఆడవాళ్ళ జట్ల మధ్య సోల్‌హైమ్ కప్ జరిగింది అక్కడే, యూరప్ గెలిచింది. వాన జాకెట్ లేకుండా మాత్రం రాకండి, ఏ నెలైనా సరే.

తమ్ముడూ, అమ్మగారి గురించి అడిగావు, అందరూ గోల్ఫ్ మాటల్లో పడి వదిలేశారు. రెండేళ్ళ కిందట మా అత్తగారిని లీడ్స్ కాజిల్‌కి తీసుకెళ్ళాం. అక్కడ యూ అనే రకం చెట్లతో వేసిన పద్మవ్యూహం లాంటిది ఉంది, 2,400 చెట్లు. పాపకి బాగా నచ్చుతుంది, మధ్యలోకి చేరుకుంటే బయటికి నేల కింద గుహలోంచి రావాలి. పెద్దవాళ్ళకి ఆ గుహ మెట్లు కొంచెం ఇబ్బంది, చూసుకోండి. కుక్కల మెడపట్టీల మ్యూజియం ఒకటి ఉంది, నిజంగానే. ముళ్ళున్న పాత ఇనుప పట్టీలు కూడా ఉన్నాయి, వేటకుక్కల మెడని తోడేళ్ళ నుంచీ అడవిపందుల నుంచీ కాపాడటానికట. మా అత్తగారు "కుక్కకి ఇంత నగలా" అని అరగంట అక్కడే ఉన్నారు. కోట లోపల లేడీ బెయిలీ గదులు కూడా చూపిస్తారు. 1978లో ఈజిప్టు, ఇజ్రాయెల్ విదేశాంగ మంత్రులు క్యాంప్ డేవిడ్ శాంతి ఒప్పందానికి ముందు మాట్లాడుకున్నది ఈ కోటలోనే. మామయ్యగారికి అది ఎక్కువ నచ్చింది.

క్రాయిడన్_కుర్రాడు:

పద్మక్కా, అంకుల్, అందరికీ థాంక్స్. నాన్న ఒప్పుకున్నారు, ఒక షరతు మీద: ఓపిక ఉంటే తొమ్మిది హోల్స్ రెండోసారి తిరిగి పద్దెనిమిది చేస్తారట. అలా ఒప్పుకుంటారా? ఎన్ని గంటలకి బుక్ చెయ్యను? బట్టల రూల్ ఏమైనా ఉందా?

మెయిడ్‌స్టోన్_తణుకు:

రెండోసారి తిరగొచ్చు, ఖాళీ ఉంటే. బుక్ చేసేటప్పుడే అడుగు. కానీ మొదటి తొమ్మిదీ అయ్యాక ఆయన్ని టీ దగ్గర కూర్చోబెట్టు, ఆ తర్వాత మోకాళ్ళే చెప్తాయి.

మే చివర్లో రాత్రి తొమ్మిది దాకా వెలుతురు ఉంటుంది. మధ్యాహ్నం మూడున్నర, నాలుగు మధ్య టైమ్ తీసుకో. ఉదయం అందరూ కలిసి కోట చూసెయ్యండి, భోజనం చెయ్యండి, సాయంత్రం టూరిస్టులు పలచబడ్డాక మీరిద్దరూ ఆటకి వెళ్ళండి. కోట టికెట్టూ గోల్ఫ్ ఫీజూ ఒకటే అనుకోవద్దు, ఆ సంగతి కూడా ఫోన్లోనే తేల్చుకో. వారం మధ్యలో వెళ్తే ఇంకా మంచిది, మే చివర స్కూళ్ళకి సెలవుల వారం పడుతుంది, అది తప్పించు.

కాలర్ ఉన్న టీషర్టు, మామూలు ప్యాంటు. జీన్స్ వద్దు. క్రాయిడన్ నుంచి ఎం25, ఎం26, ఆ తర్వాత ఎం20 మీద ఎనిమిదో జంక్షన్‌లో దిగు, అక్కడి నుంచి బోర్డులు ఉంటాయి. రైలైతే విక్టోరియా నుంచి బేర్‌స్టెడ్ స్టేషన్, కానీ గోల్ఫ్ బ్యాగుతో, పాపతో రైలు వద్దు. తేదీ ఖాయమయ్యాక ఇక్కడ రాయి. నాన్నగారికి ఆటలో తోడు కావాలంటే నేను ఇరవై నిమిషాల్లో వచ్చేస్తాను, నాన్నగారితో ఆ 2019 రూల్స్ వాదన నేనే పెట్టుకుంటా.